దుంపలు తవ్వుకునే పులి: చెడిపె కథలో భయం, నవ్వు, నిత్యజీవితం

వ్యాససంగ్రహం

నిద్రపోతున్న మనిషి నెత్తురు పీల్చే ‘చెడిపె’ అనే స్త్రీని గురించిన కథను ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో గోదావరి జిల్లా కోయ ప్రాంతం నుంచి నమోదు చేశాడు. నెత్తురు తాగే పిశాచాన్ని నిత్యజీవితంలోకి దించి నవ్వించడం ఆధునిక హాస్యానికి పరిచితమైన పద్ధతి. చెడిపె కథలో ఆ నిత్యజీవితం ముందే ఉందని, అది నవ్వు కోసం చేర్చినది కాదని, నింద పడిన స్త్రీ చెప్పుకున్న సమాధానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ కథను హాస్యంగా మలిచేటప్పుడు నవ్వు ఎవరి మీదికి తిరగాలన్న ప్రశ్నను కన్యాశుల్కం, ఇటీవలి తెలుగు హాస్యభయానక చిత్రాల సాయంతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చెడిపె, మరులుపులి, కోయలు, భద్రాచలం, హాస్యం, భయానకం, గవరయ్య, చిల్లంగి.

1. ఉపోద్ఘాతం

నెత్తురు తాగే పిశాచం అనగానే నేటి పాఠకునికి స్ఫురించేది బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాకులా’ నవల, దాని నుంచి పుట్టిన చలనచిత్రాలు. ఆ పాత్రతో పాటు దానిని వెక్కిరించే హాస్యం కూడా లోకమంతటా వ్యాపించింది. రోమన్ పొలాన్‌స్కీ 1967లో తీసిన ‘ద ఫియర్‌లెస్ వాంపైర్ కిల్లర్స్’ ఈ కోవకు చెందినదే. 2014 నాటి న్యూజిలాండ్ చిత్రం ‘వాట్ వుయ్ డు ఇన్ ద షాడోస్’ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అందులో వందల ఏళ్ల వయసున్న రక్తపిశాచాలు వెల్లింగ్టన్ నగరంలో ఒకే ఇంట్లో కాపురముంటాయి. గిన్నెలు కడిగే వంతు ఎవరిదన్న విషయమై తగవు పడతాయి. ఎవరైనా పిలిస్తే తప్ప గడప దాటకూడదన్న పాత నియమం వల్ల వినోదశాలల ముందు నిలబడి లోపలికి రమ్మనమని బతిమాలుకుంటాయి. ఇక్కడ హాస్యసూత్రం సులభమైనది. ఎత్తున ఉన్న భూతాన్ని వంటింట్లోకి దించితే నవ్వు పుడుతుంది.

ఇదే సూత్రాన్ని ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో పుట్టిన కథకు అన్వయిస్తే ఏమవుతుందన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. తెలుగునేలకు సొంతమైన రక్తపిశాచం ఒకటి లిఖితరూపంలో ఉన్నా, తెలుగు విమర్శలో దానికి దక్కిన చోటు స్వల్పం. ఆ కథలో నవ్వు పుట్టించే అంశాలు ఉన్నాయి. వాటి పక్కనే ఒక హత్య కూడా ఉంది. ఆ రెండింటినీ కలిపి చదవవలసి ఉంటుంది.

2. చెడిపె కథ: లభిస్తున్న పాఠం

మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాల అధిపతిగా పనిచేసిన థర్‌స్టన్ 1912లో వెలువరించిన ‘ఒమెన్స్ అండ్ సూపర్‌స్టిషన్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ అనే గ్రంథంలో ఈ కథ ఉంది. దాని సారాంశం ఇది. చెడిపె రాత్రివేళ పులినెక్కి ఏడు ఊళ్ల పొలిమేరలు తిరిగి తెల్లవారేలోగా ఇల్లు చేరుతుంది. తనకు గిట్టని పురుషుని ఇంటికి అర్ధరాత్రి వివస్త్రగా వెళుతుంది. మూసిన తలుపులు ఆమె ముందు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇంట్లో మేలుకొని ఉన్నవారు మత్తులో పడిపోతారు. ఆమె ఆ పురుషుని కాలివేలిని నోట పెట్టుకొని నెత్తురు పీలుస్తుంది. మరునాడు అతడు గంజాయి తాగినవానిలా రోజంతా మత్తుగా తిరుగుతాడు. తెలిసినవారి చేత మందు వేయించుకుంటే దాదాపు పది రోజుల్లో కోలుకుంటాడు. లేకపోతే ఆమె మళ్లీ మళ్లీ వస్తుంది, అతడు చిక్కి శల్యమై చనిపోతాడు.

ఆమె అడవిలో పొద చాటున పులి రూపం కూడా ధరిస్తుంది. అప్పుడు ఆమె పేరు మరులుపులి. ఆ పులికి ఒక కాలు మాత్రం మనిషి కాలుగానే మిగులుతుంది. ధైర్యవంతుడు ఆయుధం ఎత్తితే పారిపోతుంది. సొంత ఊరివాడెవరైనా చూసి పట్టుకుంటే వెంటనే అసలు రూపంలోకి వచ్చి, ఏమీ ఎరగనట్లు, తాను దుంపలు తవ్వుకుంటున్నానని చెబుతుంది.

ఈ కథ తనకు ఎలా అందిందో కూడా థర్‌స్టన్ రాశాడు. ఒక భారతీయ అధికారి కోయ గ్రామానికి వెళ్లినప్పుడు దీనిని విన్నాడు. మంత్రగత్తె అన్న కారణంతో ఒక చెడిపెను చంపిన గుంపులోని ఒకనికి కొన్నేళ్ల జైలుశిక్ష పడిందని అప్పుడే అతనికి చెప్పారు. అంటే కథ లిఖితరూపం పొందడానికి సందర్భం వినోదం కాదు, ఒక హత్య కేసు. పాఠాన్ని అర్థం చేసుకోవడంలో ఈ విషయానికి కీలక స్థానం ఉంది.

3. పేరు, పాఠం, ప్రయాణం

థర్‌స్టన్ చెప్పిన ‘గోదావరి జిల్లా’ నేటి జిల్లాల పటంలో ఒకచోట ఇమడదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుంచి గోదావరి జిల్లాలోకి వచ్చాయి. భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. నాటి గోదావరి జిల్లాలో కోయలు ప్రధానంగా భద్రాచలం, పోలవరం అటవీ ప్రాంతాల్లో నివసించేవారు. థర్‌స్టన్ గ్రామం పేరు ఇవ్వకపోయినా కథాక్షేత్రం గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ అడవులేనని గ్రహించవచ్చు. దుమ్ముగూడెంలో ఉండి పనిచేసిన క్రైస్తవ మతప్రచారకుడు జాన్ కెయిన్ 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో కోయల గురించి రాసిన వ్యాసాలు కూడా థర్‌స్టన్‌కు ఆధారమయ్యాయి.

కోయ భాష గోండి భాషాసమూహానికి చెందినది. కథలోని రెండు ముఖ్యమైన పేర్లు మాత్రం తెలుగు పదాలు. ‘చెడిపె’ చెడు అనే ధాతువు నుంచి వచ్చిన నిందాపదం, నడవడి చెడిన ఆడది అని దాని అర్థం. ‘మరులు’ అంటే మోహం, వలపు. తొక్కితే అడవిలో దారి తప్పిపోతామని నమ్మే ‘మరులుతీగ’లోనూ ఈ పదమే ఉంది. కథ కోయ గ్రామంలో చెప్పినదే అయినా, అది అధికారి తెలుగులో, అక్కడి నుంచి థర్‌స్టన్ ఆంగ్లంలో వడకట్టబడి మనకు అందింది. అందువల్ల దీనిని ‘కోయల మూఢనమ్మకం’ అని ఒక్కమాటలో తేల్చడం పొరపాటు. అడవిలో ఒంటరిగా తిరిగే స్త్రీకి మైదానపు భాష పెట్టిన పేరు కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. కోయలను నవ్వులపాలు చేయడానికి ఈ కథను వాడుకునేవారు ఆ పేరు తెలుగు పేరన్న సంగతిని ముందు లెక్కలోకి తీసుకోవాలి.

థర్‌స్టన్ తరువాత చెడిపె పాశ్చాత్య పిశాచ కోశాల్లోకి కూడా ప్రవేశించింది. అక్కడ పులి, కాలివేలు, తెరుచుకునే తలుపులు సాధారణంగా మిగులుతాయి. జైలుశిక్ష ప్రస్తావన రాలిపోతుంది. భూతం ప్రపంచ ప్రసిద్ధి పొందేకొద్దీ చనిపోయిన స్త్రీ కనుమరుగైంది.

4. రసదృష్టి: రెండు పేర్లు, రెండు దారులు

శృంగారాన్ని అనుకరించడం వల్ల హాస్యం, బీభత్సం వల్ల భయానకం పుడతాయని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. చెడిపె కథలోని రెండు పేర్లు ఈ రెండు దారులకూ సరిపోతాయి. నెత్తురు పీల్చడం, నాలుక లాగడం బీభత్స విభావాలు. అవి భయానకానికి దారితీస్తాయి. మరులు, వివస్త్రగా అర్ధరాత్రి రాక, పురుషుని పడక అనేవి శృంగార సామగ్రి. కాని ఆ రాక చివరికి కాలివేలి దగ్గర ఆగిపోతుంది. శృంగారానికి సన్నాహం జరిగి ఫలితం వికృతమైనప్పుడు నవ్వు పుట్టడం సహజం. డ్రాకులా కంఠాన్ని ఎంచుకున్నాడు, చెడిపె కాలివేలిని ఎంచుకుంది. ఈ తేడాలో గ్రామీణ హాస్యపు ఛాయ ఉంది.

మరునాటి మత్తు వర్ణనలో కూడా ఆ ఛాయ కనిపిస్తుంది. తాటికల్లు, జీలుగుకల్లు, ఇప్పసారా నిత్యజీవితంలో భాగమైన ప్రాంతంలో, పొద్దెక్కినా తల ఎత్తలేని పురుషునికి చెడిపె ఒక గౌరవప్రదమైన సాకు కాగలదు. మరోవైపు ఈ అడవులు చలిజ్వరానికి పేరుపడినవి. క్రమంగా చిక్కిపోవడం, మందు తింటే పది రోజుల్లో కోలుకోవడం అనే లక్షణాలు జ్వరపీడితుల అనుభవానికి దగ్గరగా ఉన్నాయి. కథను కేవలం రోగవివరణగా కుదించడం సరికాదు. అయితే శరీరంలో జరిగిన దానికి బయట ఒక కర్తను వెతికే పని ఈ కథ చేస్తున్నదని చెప్పవచ్చు. ఆ కర్త స్థానంలోకి ఊరిలోని ఒక స్త్రీ వచ్చి చేరుతుంది.

సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు హాస్యానికి భయానకాన్ని, కరుణను విరోధి రసాలుగా పేర్కొన్నాడు. చెడిపె కథలో ఈ మూడూ ఒకేచోట ఉన్నాయి. భయానకాన్ని హాస్యం ఓడించడం తేలిక, హాస్యభయానక చిత్రాలన్నీ చేసేది అదే. హాస్యానికి అసలు పరీక్ష కరుణ దగ్గర ఎదురవుతుంది. చంపబడిన స్త్రీ గుర్తుకు వచ్చిన తరువాత కూడా ఆ నవ్వు నిలుస్తుందా అన్నదే ఆ పరీక్ష.

5. కాలు: తిరగబడిన ఆనవాలు

తెలుగువారి దెయ్యం కథల్లో కాలు ప్రసిద్ధమైన ఆనవాలు. అందమైన స్త్రీ రూపంలో ఎదురైన దెయ్యాన్ని వెనక్కి తిరిగిన పాదాలను బట్టి గుర్తుపడతారు. అక్కడ రూపమంతా మనిషిది, కాలు మాత్రం అమానుషం. మారువేషం అసంపూర్ణంగా ఉండిపోయిన చోట నిజం బయటపడుతుంది.

మరులుపులిలో ఈ ఆనవాలు తలకిందులైంది. రూపమంతా పులిది, కాలు మాత్రం మనిషిది. మారువేషం నుంచి బయటపడే నిజమేమిటంటే, అది దెయ్యం కాదు, మనిషి. కథను భయంతో చెప్పినవారు కూడా ఆ మనిషి కాలిని తీసివేయలేకపోయారు. తాము పులి అంటున్నది తమ ఊరి స్త్రీనేనన్న ఎరుక ఆ ఒక్క కాలిలో దాగి ఉంది. ఆమె రూపం మార్చుకోవడం కూడా సొంత ఊరివాడు పట్టుకున్నప్పుడే జరుగుతుంది. అంటే ఆమెను పేరు పెట్టి పిలవగలిగినవాడు ఎదురైనప్పుడు పులి మాయమవుతుంది.

అప్పుడు ఆమె చెప్పే సమాధానం ఈ కథకంతటికీ ఆయువుపట్టు. ఏడు ఊళ్ల పొలిమేరలు, పులి సవారీ, తెరుచుకునే తలుపులు అన్నీ అయిన తరువాత ఆమె దుంపలు తవ్వుకుంటున్నానని అంటుంది. అద్భుతం ఒక్కసారిగా నిత్యకృత్యంలోకి జారిపోవడం వల్ల వినేవారు నవ్వుతారు. న్యూజిలాండ్ చిత్రంలో గిన్నెల తగవు చేసే పనే ఇక్కడ దుంపలు చేస్తున్నాయి. కాని కథ చెప్పేవారు ఆ మాటను ఆమె బొంకుగా చెబుతున్నారు. అడవి దుంపలు కోయల, కొండరెడ్ల ఆహారంలో భాగం. వానలకు ముందు ధాన్యం నిండుకున్న రోజుల్లో వాటి అవసరం మరీ ఎక్కువ. పొద చాటున వంగి నేలను తవ్వుతున్న స్త్రీ ఆ అడవిలో అతి సాధారణమైన దృశ్యం. పులిని తీసివేసి చదివితే ఆమె చెప్పినది అక్షరాలా నిజం.

ఒకే వాక్యం కథకునికి బొంకు, శ్రోతకు చమత్కారం, ఆమెకు ప్రాణరక్షణ. ఒక్కసారి అనుమానం కుదిరిన తరువాత ఆమె చేసే పని కూడా ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. దుంపలు తవ్వుతూ కనిపించడమే పులిగా ఉన్నదనడానికి ఆధారమైతే, ఆమె నిర్దోషిత్వాన్ని నిరూపించగల పని ఏదీ మిగలదు. హత్యకు దారితీసిన తర్కం ఇదే.

6. ప్రభువును చూసి నవ్వడం, కూలిని చూసి నవ్వడం

పాశ్చాత్య రక్తపిశాచ హాస్యం చెల్లుబాటు కావడానికి కారణం ఆ పిశాచం హోదా. డ్రాకులా జమీందారు వంటివాడు. అతనికి కోట, వంశం, భూమి ఉన్నాయి. చుట్టుపక్కల గ్రామాలు అతనికి భయపడి బతుకుతాయి. అటువంటివాని వారసులను గిన్నెల దగ్గర నిలబెట్టి నవ్వితే అది పైనున్నవానిని కిందికి దించే నవ్వు. అతని పేరు చెప్పి ఏ పేదవానినీ ఊరు కొట్టి చంపదు.

చెడిపె స్థానం వేరు. ఆమెకు కోట లేదు, చేతిలో తవ్వుకోల ఉంది. నిత్యజీవితం నుంచి ఆమెను పైకెత్తి పులి మీద కూర్చోబెట్టింది భయపడినవారే. అలాంటి పాత్రను తిరిగి కిందికి దించి నవ్వించడానికి వేరే చమత్కారం అవసరం లేదు, ఆమె మొదటి నుంచీ అక్కడే ఉంది. హాస్యం ఆమె మీదికే తిరిగితే అది ఊరి అనుమానానికి నవ్వుతూ వంత పాడినట్లు అవుతుంది. కాబట్టి దిగుమతి అయిన పద్ధతిని ఇక్కడ యథాతథంగా వాడటానికి వీలు లేదు. నవ్వు పులిని చూసినవాని మీదికి, పులిని నిర్ధారించిన మంత్రగాని మీదికి మళ్లాలి.

7. కన్యాశుల్కం: సీసాలోని శూన్యం

ఇలాంటి మళ్లింపు తెలుగు సాహిత్యంలో ఇంతకుముందే జరిగింది. ‘డ్రాకులా’ వెలువడిన 1897లోనే గురజాడ ‘కన్యాశుల్కం’ తొలికూర్పు అచ్చయింది. 1909 నాటి రెండవ కూర్పులో గవరయ్య పాత్ర ఉంది. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధానులుకు కట్టబెడతాడు. వధువు మాయమైన తరువాత గవరయ్య రంగంలోకి దిగి, వచ్చినది ఆడపిల్ల కాదు, పిశాచమని నమ్మబలుకుతాడు. తన మంత్రశక్తితో దానిని సీసాలో బంధించానంటాడు.

ఈ సన్నివేశంలో నవ్వు ఎవరి మీద ఉన్నదో స్పష్టం. ముసలితనంలో పసిపిల్లను కొనుక్కోబోయిన లుబ్ధావధానులు మీద, అతని భయాన్ని బతుకుతెరువు చేసుకున్న గవరయ్య మీద ఉంది. పిశాచమని ముద్ర పడిన ‘స్త్రీ’ అసలు లేనే లేదు. ఆ వేషంలో ఉన్నది ఒక కుర్రవాడు, అతడు క్షేమంగా వెళ్లిపోయాడు. సీసాలో ఉన్నది శూన్యం. నిందను మోయవలసిన ఆడశరీరం లేకపోవడం వల్ల ప్రేక్షకుడు నిశ్చింతగా నవ్వగలడు. కరుణతో విరోధం ఏర్పడకుండా గురజాడ చేసిన ఏర్పాటు ఇది. బిరడా వేసిన సీసా, దుంపలు తవ్వే కోల రెండూ నిత్యోపయోగ వస్తువులే. మొదటిది మంత్రగాని బండారాన్ని బయటపెడుతుంది. రెండవది స్త్రీ అమాయకత్వానికి సాక్ష్యం పలుకుతుంది, కాని వినేవారు లేరు. కన్యాశుల్కం రెండవ కూర్పుకు, థర్‌స్టన్ గ్రంథానికి మధ్య వ్యవధి మూడేళ్లు మాత్రమే. రెండూ ఒకే మద్రాసు రాజధానికి సంబంధించినవి. ఒక దానిలో పిశాచం నాటకంగా తేలింది, మరొక దానిలో పిశాచం పేరుతో మనిషి చనిపోయింది.

8. ఇటీవలి తెలుగు హాస్యభయానక చిత్రాలు

తెలుగు సినిమాలో గత దశాబ్దంగా హాస్యభయానకం ఒక స్థిరమైన శాఖగా పెరిగింది. వాటిలో చెడిపె లేదు. అయినా నవ్వు దిశను గుర్తించడానికి అవి ఉపకరిస్తాయి.

మహి వి. రాఘవ్ దర్శకత్వం వహించిన ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో మనుషులు దెయ్యాలను చూసి భయపడటానికి బదులు, దెయ్యాలే మనుషుల ధాటికి తట్టుకోలేకపోతాయి. డబ్బు అవసరం నెత్తిన ఉన్న మనుషులకు దెయ్యం పెద్ద సమస్యగా తోచదు. నిత్యజీవితపు ఒత్తిడి భయం కంటే బలమైనదన్న గ్రహింపు ఇందులోని హాస్యానికి మూలం. ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ (2021) దిగుమతి అయిన కొరికే శవాలను రాయలసీమ ముఠాకక్షల కథలోకి తెచ్చింది. కరిచి వ్యాపించే శాపం, తరతరాలకు పాకే పగ పక్కపక్కన నిలవడం వల్ల నవ్వు కక్షల సినిమాల మూస మీదికి మళ్లింది. ఈ రెండింటిలోనూ నవ్వు బలహీనుల మీద లేదు.

ప్రవీణ్ కండ్రేగుల ‘శుభం’ (2025) ఈ చర్చకు మరింత దగ్గరిది. భీమునిపట్నంలో రాత్రి టీవీ ధారావాహిక మొదలయ్యే వేళకు ఇంటి ఆడవారిని ఏదో ఆవహిస్తుంది. ఆవహించబడిన భార్యలను చూసి ప్రేక్షకుడు నవ్వే అవకాశం ఉన్నా, కథ క్రమంగా ఇంటి యజమానులమని విర్రవీగే భర్తల వైపు తిరుగుతుంది. ఆడవారు కోరేది తమకిష్టమైన కథను ఆటంకం లేకుండా చూడటం మాత్రమే. దుంపలు తవ్వుకుంటున్నాను అన్న మాట వలెనే ఇదీ అతి సామాన్యమైన కోరిక. వినే ఓపిక లేనివారికి అది పిశాచం పట్టినట్లు కనిపిస్తుంది.

ఈ చిత్రాల బలహీనత మరోచోట ఉంది. వీటిలో దెయ్యం నిజంగానే ఉంటుంది. తెర మీద దెయ్యం ఉన్నంతవరకు భయపడినవాడు పూర్తిగా తప్పు కాడు. గవరయ్య సీసా ఖాళీగా ఉండటంలోని పదును వీటికి పూర్తిగా అందలేదు. అడవి సరిహద్దు కథను తెరకెక్కించేవారికి ఈ తేడా ప్రాణప్రదం. చెడిపె నిజంగా పులిగా మారినట్లు చూపిన క్షణంలోనే, ఎంత నవ్వించినా, చంపినవారికి ఒక సమర్థన దొరుకుతుంది.

9. ముగింపు

చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న అనుమానాలతో మనుషులను కొట్టడం, చంపడం తెలుగు రాష్ట్రాల్లో గతించిన విషయం కాదు. భద్రాచలం అడవికి ఆనుకొని ఉన్న ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో ఇందుకోసం ప్రత్యేక చట్టాలు చేశాయి. ఛత్తీస్‌గఢ్ చట్టం ప్రకారం ఒక వ్యక్తిని ‘టోనహీ’ అని గుర్తించి చెప్పడమే శిక్షార్హం. చంపడానికి ముందు పేరు పెట్టడం జరుగుతుందని, నేరం అక్కడే మొదలవుతుందని ఆ చట్టం గుర్తించింది. చెడిపె కథ కూడా ఒక పేరుతోనే మొదలవుతుంది.

సాహిత్య విమర్శ చేయగల పని ఈ పేరు దగ్గరే ఉంది. చెడిపెను తెలుగువారి డ్రాకులాగా పరిచయం చేయడం ఆకర్షణీయంగా ఉంటుంది. కాని ఆ పోలిక నెత్తురు దగ్గర కుదిరి హోదా దగ్గర విఫలమవుతుంది. ఒకరు గ్రామాలను భయపెట్టిన ప్రభువు, మరొకరు గ్రామం భయపడి చంపిన స్త్రీ. మొదటివాని మీద పుట్టిన హాస్యాన్ని రెండవ ఆమెకు తొడిగితే అది వికటిస్తుంది. ఈ కథను తరగతి గదిలో బోధించేవారు, జానపద సంకలనంలో చేర్చేవారు, చిత్రంగా మలిచేవారు దాని చివరనున్న జైలుశిక్ష వాక్యాన్ని వదలకుండా చెప్పాలి. ఆ వాక్యం ఉన్నప్పుడు కథలోని నవ్వు పోదు, దిశ మార్చుకుంటుంది. అప్పుడు నవ్వులపాలయ్యేది పట్టపగలు, ఎదురుగా మనిషి కాలు కనిపిస్తున్నా, పులిని చూశానని ఊరంతా చాటినవాడు.